సుద్దాల హనుమంతు: పాత బాణీ, కొత్త పాట

ఈసారి కాలేజీ వార్షికోత్సవానికి పది దినాల ముందు మన హాస్టల్‌లో ఒక తగాదా నడిచింది. స్టేజీ మీద ఒక పల్లెపాట పాడుదామని అందరం ఒప్పుకున్నాం. పేచీ పాట దగ్గర రాలేదు, వాయిద్యం దగ్గర వచ్చింది. డప్పు, తాళాలు ఉంటే చాలు, అంతకు మించి ఏది పెట్టినా పాట చెడిపోతుందన్నది ఒక వర్గం. గిటారు, కీబోర్డు లేకుంటే ఈ కాలపు పిల్లలు రెండు నిమిషాలు కూడ కూర్చోరన్నది మరొక వర్గం. రాత్రి పన్నెండు దాటినా ఎవరి మాట వారిదే.

మా గదిలో ఒక మిత్రుడున్నాడు. అతనికి అమెరికా నీగ్రో జాతి సృష్టించిన జాజ్ సంగీతమంటే చెవి కోసుకుంటాడు. మీరు ఇయ్యాల కొట్లాడుకుంటున్నారు గాని, జాజ్ అభిమానులు ఈ కొట్లాట వందేండ్ల నుంచి పడుతూనే ఉన్నారని అతను చెప్పుకొచ్చాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం పత్తి చేలల్లో పాడుకున్న పనిపాటలు, చర్చి పాటలు, న్యూ ఆర్లీన్స్ వీధుల్లో ఊరేగే బ్యాండు మేళాలు కలిసి జాజ్ అయింది. బాంజో ఆఫ్రికా వాయిద్యాల సంతానం. ఊదే బాకాలు తెల్లవాళ్ళ సైనిక బ్యాండ్లవి. అంటే పుట్టుకలోనే అది కలగూర. 1940ల్లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ అనే యువకులు కొత్త పద్ధతి తెస్తే, అది జాజే కాదని పాత అభిమానులు మండిపడ్డారు. సంప్రదాయానికి పెద్దదిక్కు అనదగిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సైతం దానిని మెచ్చలేదు. 1970 నాటికి మైల్స్ డేవిస్ కరెంటు వాయిద్యాలు పెడితే మళ్ళీ అదే గొడవ. సంప్రదాయమెక్కడ ఆగాలి, కొత్తదనం ఎక్కడ మొదలు కావాలి, వాయిద్యం మారితే సంగీతం మారినట్టేనా? ఈ ప్రశ్నలకు అక్కడ కూడ ఇంకా తెగుతెంపు కాలేదట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. న్యూ ఆర్లీన్స్ దాకా పోవడమెందుకు, ఈ ప్రశ్నలను ప్రాణం మీదికి తెచ్చుకొని బతికిన మనిషి మన నల్లగొండ మట్టిలోనే ఉన్నాడు గదా అనిపించింది. ఆయనే సుద్దాల హనుమంతు. ఆయన పాట తెలిసినంతగా ఆయన బతుకు మన విద్యార్థులకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

నేతగాని ఇంట్లో పాటగాడు

హనుమంతు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో మోత్కూరు దగ్గరి పాలడుగు గ్రామంలో, పేద పద్మశాలి కుటుంబంలో పుట్టాడు. తండ్రి బుచ్చిరాములు నాటువైద్యం తెలిసిన మనిషి. తల్లి లక్ష్మీనరసమ్మ. తర్వాత ఆ కుటుంబం గుండాల దగ్గరి సుద్దాలలో స్థిరపడింది. ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరయింది. నాడు ఇదంతా నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టిన తర్వాత ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది.

అది నిజాం రాజ్యం. బడి చదువు, కచేరీ వ్యవహారం అంతా ఉర్దూలో. తెలుగు మాట్లాడేవాడికి తెలుగు బడి దొరకడమే గగనం. పేదవాని కొడుకుకు పెద్ద చదువెక్కడిది? హనుమంతుకూ కొద్దిపాటి చదువే దక్కింది. అయితే ఆ రోజుల్లో ఊరే ఒక బడి. రాత్రిపూట హరికథ ఉండేది. పంట ఇంటికొచ్చినంక యక్షగానం ఆడేవాళ్ళు. భజన మండలిలో మద్దెల, తాళాలు, ఉన్నచోట హార్మోనియం. వాకిట్లోకి బుడబుక్కలవాడు, ఫకీరు, పిట్టలదొర వచ్చేవాళ్ళు. గొల్లవాళ్ళు గొంగడి భుజాన వేసుకొని, కట్టె చేతపట్టి, సుద్దులు చెప్పేవాళ్ళు. ఒకడు కథ ఎత్తుకుంటే పక్కవాళ్ళు వంత పాడుతారు, నడుమ నడుమ ఎదురు ప్రశ్న వేస్తారు, నవ్విస్తారు. చిన్నతనంలోనే హనుమంతు చెవిలో ఈ బాణీలన్నీ పడ్డాయి. హరికథ, యక్షగానం ఆయన ఇష్టపడి నేర్చుకున్న విద్యలు.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. సంప్రదాయాన్ని మార్చిన మనిషి, ముందు దానిని లోపలి నుంచి నేర్చుకున్నాడు. రాగం తెలుసు, నడక తెలుసు, ఎక్కడ జనం నవ్వుతారో, ఎక్కడ గొంతు దించితే కండ్ల నీళ్ళు తిరుగుతాయో తెలుసు. పునాది లేకుండా గోడ కట్టినవాడు కాదు.

యువకుడయ్యాక కొంతకాలం హైదరాబాదులో చిన్న సర్కారు కొలువు చేశాడు. ఆర్యసమాజ ప్రభావం అప్పుడే పడింది. నౌకరీ ఆయనకు అచ్చిరాలేదు, దానిని వదులుకొని ఊరికి తిరిగి వచ్చాడు. ఊళ్ళో ఆయనకు అన్నం పెట్టింది తండ్రి నుంచి వచ్చిన వైద్యం, పేరు తెచ్చింది గొంతు.

భువనగిరి సభ

నాటి నల్లగొండ జిల్లా స్థితి ఈనాటి వాళ్ళకు చెబితే కథ అనుకుంటారు. దొర గడీ ముందు చెప్పులు విడిచి నడవాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల, గొల్ల, ఎవరి వంతు వెట్టి వాళ్ళు ఉచితంగా చేయాలి. అప్పు తెచ్చుకున్నవాని కొడుకు దొర ఇంట్లో జీతగాడై పసులు కాయాలి. సూర్యాపేట ప్రాంతపు ఒక్క దేశ్‌ముఖు కింద లక్షన్నర ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో వ్రాశారు. విసునూరు దేశ్‌ముఖు పేరు చెబితే పిల్లలు ఏడుపు మానేవాళ్ళని పాతతరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1930లో జోగిపేటలో మొదలైన నిజామాంధ్ర మహాసభ మొదట చదువులు, గ్రంథాలయాలు, భాష వంటి విషయాలు పట్టించుకున్న సంస్థ. 1944లో భువనగిరిలో జరిగిన పదకొండో సభ దాని దారి మార్చింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. సభ్యత్వ రుసుము అణాకు దించారు. అణా ఇచ్చుకోగలిగిన ప్రతి కూలీ, ప్రతి పాలేరు సభ్యుడు కావచ్చు. జనం దానిని సంఘం అని పిలుచుకున్నారు. చీటీల సంఘం ఊరూరా పాకింది.

ఆ భువనగిరి సభ హనుమంతు జీవితానికి మలుపు. అక్కడి నుంచి సుద్దాలకు తిరిగి వచ్చి ఊళ్ళో సంఘం పెట్టించాడు. అయితే సంఘానికి ఉన్న చిక్కు ఒకటి ఆయన కండ్లకు కనబడింది. ఉపన్యాసాలున్నాయి, కరపత్రాలున్నాయి. కాని చదువు రాని జనానికి కరపత్రం వట్టి కాగితమే. ఉపన్యాసపు భాష పట్నపు భాష. పగలంతా వెట్టి చేసి వచ్చిన మనిషిని రాత్రి కూర్చోబెట్టి వినిపించగలిగింది ఒక్కటే, ఆట పాట.

పాత సీసా

అప్పుడు ఆయన చేసిన పని చూడండి. కొత్త ప్రక్రియ ఏదీ కనిపెట్టలేదు. ఊరికి తెలిసిన గొల్లసుద్దులే తీసుకున్నాడు. గొంగడి అదే, కట్టె అదే, వంతపాట అదే, ప్రశ్న, జవాబు, హాస్యం అన్నీ అవే. మారింది కథ. గోవుల మందల కథ ఉండవలసిన చోట దొర దౌర్జన్యం, వెట్టి చాకిరి, నిజాం పాలన వచ్చి కూర్చున్నాయి. బుడబుక్కల పాట, పిట్టలదొర కోతలు, ఫకీరు వేషం, సాధువు వేషం, లంబాడీల పాట, వీటిలో ఏదీ ఆయన విడిచిపెట్టలేదు. వీర తెలంగాణ పేరిట యక్షగానం కూడ చేపట్టాడు.

ఇందులో రెండు తెలివితేటలున్నాయి. ఒకటి, వినేవాడికి కొత్త బాణీ నేర్పే పని తప్పింది. చెవికి అలవాటైన నడక కనుక మొదటిసారి విన్నవాడే రెండోసారి వంత కలిపేస్తాడు. పాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాగితం లేకుండా నడిచిపోతుంది. రెండు, ఫకీరు, బుడబుక్కలవాడు, పిట్టలదొర ఏ ఊరికైనా పోవచ్చు, ఏ వాకిట్లోనైనా నిలబడవచ్చు. ఎవరూ ఎందుకొచ్చినవని అడగరు. పిట్టలదొర పిచ్చి కోతలు కోస్తాడని అందరికీ తెలుసు. ఆ కోతల నడుమ నిజం మాట ఒకటి దాచి చెబితే పట్టుకునేదెవరు?

మా మిత్రుడు జాజ్ గురించి చెప్పినప్పుడు నాకు తట్టింది కూడ ఇదే. పత్తి చేలో ఒక బానిస గొంతెత్తి ఒక చరణం పిలిస్తే, మిగతావాళ్ళు దానికి జవాబు పాడేవాళ్ళట. యజమానికి అది పని పాట, పాడేవాళ్ళకు గుండె బరువు. పిలుపు, జవాబు అనే ఆ పద్ధతే తర్వాత జాజ్ మేళాలో ఒక బాకా పిలిస్తే మరొక బాకా పలకడమయింది. మన గొల్లసుద్దుల వంతపాట దానికి ఎంత దగ్గరిదో ఆలోచించండి. ఆ సముద్రం ఎక్కడ, మన మూసీ ఎక్కడ! వెట్టి ఉన్నచోట వంతపాట కూడ పుడుతుందేమో.

అయితే ఆక్షేపణలు లేవా? రెండు పక్కల నుంచి రాదగినవే. భక్తి గలవాడు, దేవుని కథ చెప్పే నోటితో దొర కథ చెప్పడమేమిటి, ఇది అపచారమని అనవచ్చు. అభ్యుదయవాది, ఈ పాత వేషాలు మూఢనమ్మకాల వాహనాలు, వీటిని మోస్తూ కొత్త సమాజం ఎలా తెస్తావని అడగవచ్చు. ఈ రెండు ఆక్షేపణలకూ హనుమంతు వాదంతో జవాబు చెప్పలేదు, పాటతో చెప్పాడు. రూపం ఎవరి సొత్తూ కాదు, దానిలో ఏం పోస్తామన్నదే ప్రశ్న అన్నట్టు ఆయన పని చేసుకుపోయాడు. ఆ కాలంలోనే సర్కారు జిల్లాల్లో షేక్ నాజర్ బుర్రకథను పట్టుకొని ఇదే పని చేశాడు. తంబుర, అందెలు, డక్కీలు పాతవే. కథ కొత్తది. ఇద్దరి దారీ ఒకటే.

పిల్లగాని పాట

హనుమంతు పాటల్లో ఎక్కువమందికి తెలిసింది పల్లెటూరి పిల్లగాడా పాట. దొర దగ్గర జీతమున్న పసులకాపరి పిల్లవాణ్ణి పలకరించే పాట అది. అందులో నినాదం లేదు. తిట్టు లేదు. జెండా ఊసు లేదు. పాడేవాడు ఆ పిల్లవాణ్ణి ఒక్కొక్కటే అడుగుతూ పోతాడు. తల్లి పాలు మరిచి ఎన్నాళ్ళయింది, కొలువు కుదిరి ఎన్నాళ్ళయింది, ఒంటిమీది బట్ట చలికి ఆగుతుందా అని అడుగుతాడు. పిల్లవాడు జవాబు చెప్పడు. వినేవాడే చెప్పుకోవాలి. వినేవాళ్ళలో సగం మంది కొడుకులు ఆ పొద్దు ఎక్కడో ఒక దొర పసుల వెంట ఉన్నవాళ్ళే.

సృజన అంటే ఏమిటని అడిగేవాళ్ళకు నేను ఈ పాటనే చూపిస్తాను. మాటలు ఊరి మాటలే, నడక ఊరి నడకే. కొత్తదల్లా చూపు. అంతవరకు మన పాటల్లో గోపాలుడంటే వేణువూదే కృష్ణుడు. ఆ పసులకాపరి స్థానంలో కడుపు మాడిన జీతగాణ్ణి నిలబెట్టడం కంటే పెద్ద సృజన ఏముంటుంది?

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండ్లకు ఒరిగిపోయాడు. కడవెండి నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. అక్కడి నుంచి సంఘం పోరాటం సాయుధ పోరాటమయింది. రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, ఆ తర్వాత యూనియన్ సైన్యాల నిర్బంధం, చివరికి 1951 అక్టోబరులో విరమణ. సుందరయ్య లెక్క ప్రకారం ఆ పోరాటం సుమారు మూడు వేల గ్రామాలకు వ్యాపించింది, పది లక్షల ఎకరాలు పంచబడ్డాయి, నాలుగు వేల మంది ప్రాణాలిచ్చారు. ఈ లెక్కలు పుస్తకంలో ఉన్నాయి. పాటలు ఎంతమందిని కదిలించాయో లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డికి దేశం మొత్తం మీద పేరు మోసిన మెజారిటీ ఇచ్చారు. ఆ వోట్లలో గొల్లసుద్దుల వంతు కొంత లేదని ఎవరనగలరు?

వాయిద్యం మాట

ఇక మన హాస్టల్ తగాదాకు వద్దాం. హనుమంతు తరం పాటగాళ్ళు ఎటువంటి వాయిద్యం ఎన్నుకున్నారు? భుజాన వేసుకొని నడవగలిగింది, చీకట్లో చప్పుడు చేయకుండా మోసుకుపోగలిగింది, పోతే మళ్ళీ ఊళ్ళోనే దొరికేది. డోలు, డప్పు, తాళాలు, తంబుర. ఏదీ లేనప్పుడు చప్పట్లు, కాలి అడుగు. అది శాస్త్రం కోసం చేసిన నియమం కాదు, బతుకు నేర్పిన నియమం.

వాయిద్యం దేశీయమా, విదేశీయమా అన్న పట్టింపు కూడ ఎప్పుడూ ఒక తీరున లేదు. హార్మోనియం యూరపు నుంచి వచ్చింది. ఆకాశవాణి వాళ్ళు 1940లో దానిని గడప తొక్కనీయలేదు, 1971 దాకా ఆ నిషేధం నడిచింది. అదే సమయంలో మన పల్లె భజన మండలిలో, నాటకాల్లో హార్మోనియం ఇంటిమనిషై కూర్చున్నది. పెద్దలు బయటకు తోసిన వాయిద్యాన్ని పల్లె లోపలికి పిలిచింది. మరోపక్క మన పాలమూరు నేల మీద పుట్టిన పన్నెండు మెట్ల కిన్నెర ఎవరికీ విదేశీ కాదు. అయినా అది ఒకరిద్దరి చేతుల్లో మాత్రమే మిగిలింది. దర్శనం మొగిలయ్య దానిని కాపాడి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందన్నది వాయిద్యాన్ని బతికించదు. వాయించేవాని ఇంట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అన్నదే బతికిస్తుంది.

ఈ మాట దగ్గర నాకొక గుచ్చుకునే ప్రశ్న మిగిలింది. గొల్లసుద్దులు గొల్లల వారసత్వం. ఫకీరు పాట, బుడబుక్కల పాట ఆయా కులాల కూటివిద్య. వేదికల మీదికి, సినిమాల్లోకి ఆ బాణీలు వచ్చాయి. ఆ బాణీలు కాపాడిన ఇండ్లు మాత్రం చాలావరకు బీదగానే ఉండిపోయాయి. ఇందుకు హనుమంతును తప్పుపట్టలేం. ఆయన ఆ బాణీలను అమ్ముకోలేదు, ఆ జనం కోసమే తిరిగి వాళ్ళకే పాడాడు. తప్పు తర్వాత వచ్చిన మనది. పాట తీసుకున్నాం, పాటగాణ్ణి మరచిపోయాం.

చివరి దినాలు

పోరాటం ముగిశాక హనుమంతు పదవుల వెంట పోలేదు. సుద్దాలలోనే వైద్యం చేసుకుంటూ, పేదరికంలోనే సంసారం ఈదాడు. భార్య జానకమ్మ ఆ కష్టంలో ఆయనకు తోడు నిలిచింది. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ మాభూమి చిత్రాన్ని నిర్మించారు. అందులో పిల్లగాని పాట వినిపించింది. బండి యాదగిరి పాటను గద్దర్ పాడింది కూడ అందులోనే. 1944 నాటి జనం పాట ముప్పైయేండ్లు దాటినంక వెండితెర మీద మళ్ళీ ప్రాణం పోసుకున్నది. గద్దర్ భుజాన గొంగడి, చేతిలో కట్టె చూసినప్పుడు ఆ వేషం ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో నల్లగొండ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

1982 అక్టోబరు 10న హనుమంతు క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశాడు. ఆయన పాటలను జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు శ్రమపడి సేకరించారు. కుమారుడు అశోక్ తేజ సినీకవి అయి, 2003 నాటి ఠాగూర్ చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం అందుకున్నాడు. తండ్రి గొంగడి కప్పుకొని పాడితే కొడుకు స్టూడియోలో వంద వాయిద్యాల నడుమ పాట వ్రాశాడు. ఒకటి సంప్రదాయం, రెండోది కాదు అని గీత గీయగలమా?

మిత్రులారా, మన తగాదా ఎట్ల తెగిందో చెప్పి ముగిస్తాను. ఇద్దరు మిత్రులు ఆదివారం బస్సెక్కి పక్క ఊరికి పోయారు. అక్కడొక ముసలాయన దగ్గర రెండు రాత్రులు కూర్చొని పాట నేర్చుకున్నారు. నడక ఎక్కడ తగ్గాలో, వంత ఎక్కడ అందుకోవాలో ఆయన కట్టెతో నేల మీద కొట్టి చూపించాడట. తిరిగి వచ్చినంక డప్పు వాళ్ళే ముందు నిలబడ్డారు. గిటారు కూడ వాయించారు, కాని వంత పాడేవాని మాదిరి, పిలిచినప్పుడే పలికింది. ముసలాయనకు బస్సు కిరాయి, శాలువా యూనియన్ తరఫున ఇచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాం.

పాట అయిపోయినంక మా జాజ్ మిత్రుడు ఆయన పక్కనే చేరి, గిటారు ఎట్లున్నదని అడిగాడు. ముసలాయన తల ఊపి, రెండో చరణంలో వంత అరమాత్ర ముందే అందుకున్నారని మాత్రం తప్పు పట్టాడు. గిటారు ఊసే ఎత్తలేదు.